మసాలా బీర్ రుచి చూడటం ఎలా: వంటింట్లో మొదలుపెట్టి బ్రూపబ్ దాకా

"అన్నా, అందులో ఏం వేసిన్రో సమజ్ కాలే. కషాయం తాగినట్టుంది. అది అట్లనే ఉంటదా, పాడైందా?"

మసాలా బీర్, అంటే తయారీలో ధనియాలు, దాల్చినచెక్క లాంటి దినుసులు వేసిన బీర్ తాగాక హన్మకొండ నుంచి ఒకరు, కరీంనగర్ నుంచి ఇద్దరు, మొన్న నిజామాబాద్ నుంచి ఇంకొకరు ఇదే అడిగారు. విడివిడిగా చెప్పే బదులు అందరికీ ఒకచోట రాస్తున్నాను. బ్రూపబ్ అంటే బీర్‌ను అక్కడే తయారుచేసి, అక్కడి ట్యాంకుల్లోంచే పోసిచ్చే చోటు. అది మీ ఊళ్లో ఉన్నా, కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లినా రుచి చూసే పద్ధతి ఒకటే.

తాగే అలవాటు లేనివాళ్లు మొదలుపెట్టాలని నేను ఇది రాయడం లేదు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. గర్భిణులు, మందులు వాడుతున్నవాళ్లు, లివర్ సమస్య ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. కింద చెప్పిన వంటింటి సాధనలో మొదటి భాగం మాత్రం బీర్ చుక్క లేకుండా ఎవరైనా చేయొచ్చు. నన్నడిగితే సగం పని అక్కడే అయిపోతుంది.

ఎందుకంటే మసాలా బీర్‌లో మనం "రుచి" అనుకునేదంతా దాదాపు వాసనే. పక్కింట్లో తాలింపు వేస్తే ఏం కూరో చెప్పగలిగే ముక్కు మనది. పొద్దున దించిన కల్లుకూ మధ్యాహ్నపు కల్లుకూ తేడా ఒక్క గుక్కలో చెప్పే పెద్దలు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ నేర్పునే గ్లాసు మీదికి తేవాలి. కొత్తగా నేర్చుకోవాల్సింది కొంచెమే.

ఏమేం కావాలి

ఇంట్లో: ధనియాలు, యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, శొంఠి, మిరియాలు, నీడలో ఎండబెట్టిన నారింజ తొక్క. నారింజ దొరక్కపోతే బత్తాయి తొక్క సరిపోతుంది. ఏడు చిన్న గ్లాసులు, మూతకు ప్లేట్లు, మసాలా లేని సాదా లాగర్ (మామూలుగా సీసాల్లో దొరికే లేత రంగు బీర్) 300 మి.లీ. అన్నీ పాతబడని సరుకే తీసుకోండి. డబ్బా అడుగున ఏడాదిగా ఉన్న యాలకులతో సాధన చేస్తే తప్పు వాసనే గుర్తుండిపోతుంది.

పబ్‌కు: చిన్న నోట్‌బుక్, పెన్ను, మీతో పాటు ఒక మనిషి. ఫోన్‌లో రాసుకోవచ్చు గానీ, కాగితం మీద రాస్తే తర్వాత దిద్దుకోవాలని అనిపించదు. అదే మనకు కావాలి.

1. వంటింటి సాధన, ముందు రోజు

ఒక్కో దినుసును కచ్చాపచ్చాగా దంచి ఒక్కో గ్లాసులో వేసి మూత పెట్టండి. పది నిమిషాలాగి, కళ్లు మూసుకుని, ఇంట్లో ఎవరినైనా ఒక్కొక్కటే ముక్కు దగ్గర పట్టమనండి. ఏడింటికి ఏడూ చెప్పేస్తాం అనుకుంటాం. లవంగం, దాల్చినచెక్క దగ్గర చాలామంది తడబడతారు. ధనియాల దగ్గర ఇంకా ఎక్కువ. కారణం ఉంది. మనకు తెలిసిన ధనియాల వాసన వేయించి పొడి చేసినది, కూరలో వేసేది. పచ్చి ధనియాలు దంచితే పూల వాసన, నిమ్మ తొక్క వాసన కలిసి వస్తాయి. బీర్‌లో ఎక్కువగా వాడేది ఆ పచ్చి ధనియాలనే. కూరపొడి వాసన కోసం వెతికితే గ్లాసులో ధనియాలు ఉన్నా మీకు దొరకవు.

ఇక రెండో భాగం, బీర్ తాగేవాళ్లకు. ఒక టీ చెంచా ధనియాలు దంచి, 100 మి.లీ. వేడి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, వడగట్టి చల్లార్చండి. సాదా లాగర్‌ను మూడు గ్లాసుల్లో తలా 100 మి.లీ. పోయండి. మొదటిది అలాగే ఉంచండి. రెండోదాంట్లో ఆ నీళ్లు ఒక చెంచా, మూడోదాంట్లో మూడు చెంచాలు కలపండి. ఇప్పుడు వరసగా వాసన చూసి, తలా ఒక గుక్క తాగండి. రెండో గ్లాసులో బీర్ కాస్త కొత్తగా, తేలిగ్గా అనిపిస్తుంది. మూడోదాంట్లో బీర్ వెనక్కిపోయి ధనియాల నీళ్లు ముందుకొస్తాయి. "మసాలా సరిపోయింది", "మసాలా మింగేసింది" అన్న మాటలకు అర్థం ఈ రెండు గ్లాసుల మధ్య తేడాయే. ఎన్ని పేజీలు చదివినా ఇంత బాగా తెలియదు.

2. వెళ్లే రోజు జాగ్రత్తలు

జలుబు ఉంటే ఆ రోజు మానుకోండి. ముక్కు పనిచేయకపోతే ఆ డబ్బు దండగే. సెంటు, అత్తరు వద్దు. పాన్, సోంపు, పుదీనా గోళీలు గంట ముందే ఆపేయండి. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. పెరుగన్నమో, ఇడ్లీయో తిని వెళ్లండి. సకినాలు తిని వెళ్లారనుకోండి, ఆ వాము ఘాటు చాలాసేపు నోట్లోనే ఉంటుంది. ప్రతి గ్లాసులోనూ వామే కనిపిస్తుంది. ముందు బిర్యానీ తిన్నా ఇదే ఇబ్బంది.

వెళ్లేటప్పుడే తిరిగి రావడం ఎలాగో తేల్చుకోండి. బండి ఇంట్లో పెట్టి ఆటోలోనో, క్యాబ్‌లోనో వెళ్లండి. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసే. మొదటిసారికే పది వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. "రుచి చూడటమే కదా" అన్న మాట అక్కడ చెల్లదు. లెక్క చూడండి: 5 శాతం బీర్ నాలుగు చిన్న గ్లాసులు, తలా 100 మి.లీ. అంటే లోపలికి పోయేది 20 మి.లీ. ఆల్కహాల్. మామూలు 330 మి.లీ. పైంట్ కన్నా అది ఎక్కువే.

3. ఎక్కడ కూర్చోవాలి, ఏం అడగాలి

కిచెన్ తలుపు దగ్గర, సిగరెట్ కాల్చే చోటికి దగ్గర కూర్చోవద్దు. పెద్ద గ్లాసు ఆర్డర్ చేయొద్దు. చాలా చోట్ల టేస్టర్ అని చిన్న గ్లాసులు ఇస్తారు. మసాలా బీర్‌తో పాటు మసాలా లేని గోధుమ బీర్ ఒకటి తప్పకుండా తీసుకోండి. అది పక్కన లేకపోతే మసాలా ఏం చేసిందో పోల్చి చూసే దారి ఉండదు. గోధుమ బీర్ లేకపోతే వాళ్ల దగ్గరున్న అన్నిటికన్నా సాదా బీర్ అడగండి.

మసాలా ఏం వేశారని మాత్రం ఇప్పుడే అడగొద్దు. మెనూ కార్డులో దాని కింద రాసింది కూడా చదవొద్దు. "యాలకులు" అని చదివాక లేని యాలకులు కూడా ముక్కుకు తగులుతాయి. రుచి చూడటంలో జరిగే పొరపాట్లలో ఇదే పెద్దది. మీతో వచ్చినవాళ్లను చదివి మనసులో పెట్టుకోమనండి.

4. కంటితో చూడటం

దీనికి ఎక్కువ సమయం అక్కర్లేదు. గోధుమ బీర్ మబ్బుగా ఉంటే తప్పు కాదు, అది అలాగే ఉంటుంది. గ్లాసు లోపలి గోడలకు బుడగలు అతుక్కుని ఉంటే మాత్రం గ్లాసు సరిగ్గా కడగలేదని అర్థం. జిడ్డు ఉంటే నురగ కూడా నిలవదు. గ్లాసు మార్చి ఇవ్వమని అడగండి, మొహమాటం వద్దు.

5. వాసన, మూడు సార్లు

గ్లాసు చేతికి రాగానే తాగొద్దు. ఐస్ లాంటి చల్లదనంలో వాసన పైకి రాదు. 650 మి.లీ. స్ట్రాంగ్ సీసాలు గొంతు జివ్వుమనేలా తాగి అలవాటైనవాళ్లకు ఇది కష్టంగా ఉంటుంది. "చల్లగా లేకపోతే బీరేంది" అంటారు. ఆ బీర్లకు ఆ మాట సరే. మసాలా బీర్‌ను అంత చల్లగా తాగితే దినుసులకు పెట్టిన ఖర్చు, పడిన కష్టం వృథా.

మొదటిసారి, అందిన వెంటనే: చిన్నగా రెండు సార్లు ఎగబీల్చండి. మొదట తోచింది రాయండి.

రెండోసారి, ఐదు నిమిషాలకు: గ్లాసు అడుగు అరచేతిలో పెట్టుకుని మెల్లగా తిప్పండి. పైన రెండో అరచేయి మూతలా పెట్టి, తీసి, వెంటనే వాసన చూడండి.

మూడోసారి, పది పన్నెండు నిమిషాలకు, గ్లాసు పట్టుకుంటే కొద్ది చల్లదనమే మిగిలినప్పుడు. లవంగం, దాల్చినచెక్క లాంటి బరువైన వాసనలు చాలాసార్లు ఇప్పుడే తేటపడతాయి.

రాసేటప్పుడు "బాగుంది", "ఘాటుగా ఉంది" అని రాస్తే రేపు మీకే పనికిరాదు. మన ఇంటి మాటల్లో రాయండి: పచ్చి ధనియాలు దంచినట్టు, నారింజ ఒలిచిన వేళ్ల వాసన, పాయసం దింపేటప్పుడు యాలకులు వేసినట్టు, శొంఠి కాఫీ, పసుపు కొమ్ములు ఉడకబెట్టే చోట మట్టి వాసన. ఈ చివరిది నిజామాబాద్, ఆర్మూర్ వైపు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. వాసనేదో తెలిసి పేరు తట్టకపోతే "మా అమ్మమ్మ పెట్టె తెరిచినట్టు" అని రాసినా సరే. పేరు తర్వాత దొరుకుతుంది.

మధ్యలో ముక్కు మొద్దుబారినట్టు అనిపిస్తే మీ మోచేతి మడతలో వాసన చూసుకోండి. ఒక నిమిషంలో కుదురుకుంటుంది. కాఫీ గింజలు వాసన చూడమంటారు గానీ, మన ఒంటి వాసనే నాకు మేలనిపించింది.

6. మొదటి గుక్క

చిన్న గుక్క తీసుకుని మూడు నాలుగు సెకన్లు నోట్లో తిప్పి మింగండి. మింగాక నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి వదలండి. మసాలా అసలు రూపం అప్పుడు తెలుస్తుంది, ఎందుకంటే గొంతు వెనక నుంచి వాసన ముక్కులోకి పోతుంది. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే "నాకేం తెలుస్తలేదు" అనేవాళ్లు ఎక్కువ.

మొదటి గుక్కతో తీర్పు చెప్పొద్దు. ఒక గుక్క మసాలా బీర్, ఒక గుక్క నీళ్లు, ఒక గుక్క సాదా బీర్, మళ్లీ నీళ్లు, మళ్లీ మసాలా బీర్. మధ్యలో కాసిని మరమరాలు నమిలితే నోరు శుభ్రపడుతుంది. ఉప్పు పల్లీలు, మసాలా పాపడ్ ఇప్పుడే వద్దు.

గమనించాల్సింది చేదు. బీర్‌లో హాప్స్ (చేదు కోసం వేసే ఒక తీగ పూలు) చేదు ఎప్పుడూ ఉంటుంది, అది వచ్చి పోతుంది. తొక్క లోపలి తెల్ల భాగం ఎక్కువ పడితే వచ్చే చేదు అలా పోదు, బత్తాయి గింజ కొరికినట్టు నాలుక మీదే కూర్చుంటుంది. లవంగం, చెక్క ఎక్కువైతే చేదు కన్నా ఒగరు ఎక్కువ, నోరు పిడచగట్టుకుపోతుంది. "కషాయంలా ఉంది" అన్నవాళ్లలో చాలామందికి తగిలింది ఈ రెండిట్లో ఒకటే. అది చెడిపోవడం కాదు, చేయి ఎక్కువ పడటం.

మిర్చి వేసిన బీర్ అయితే పద్ధతి కొంచెం మార్చాలి. గుక్క మింగాక ఒక నిమిషం ఆగండి, కారం మెల్లగా ఎక్కుతుంది. బీర్‌లోని గ్యాస్ ఆ మంటను ఇంకా పెంచుతుంది. నీళ్లు తాగితే మంట తగ్గదు, ఒక చెంచా పెరుగు తినండి. మిర్చి బీర్‌లో కారం ఎంతుందని కాకుండా మిరపకాయ వాసన తెలుస్తోందా అని చూడండి. 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే గుర్తింపు) వచ్చిన మన వరంగల్ చపాటా మిర్చి ఉంది కదా, దానికి రంగు ఎక్కువ, కారం తక్కువ. అలాంటి కాయ వేస్తే కాయ రుచి నిలిచి గొంతు భద్రంగా ఉంటుంది. బ్రూపబ్‌ల వాళ్లు దీన్ని వాడి చూడాలని నాకు నిజంగా ఆశ. మిర్చి బీర్‌ను ఎప్పుడూ చివర్లోనే తాగండి. ముందు తాగితే మిగతా గ్లాసులన్నీ చప్పగా ఉంటాయి.

7. ఇది మసాలానా, లోపమా?

ఎక్కువ టెన్షన్ ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఒక చోట గోధుమ బీర్ తాగి, "లవంగం కొంచెం ఎక్కువైంది" అని తయారుచేసే ఆయనతో అన్నాను. ఆయన నన్ను లోపలికి తీసుకెళ్లి సరుకుల గది చూపించారు. లవంగాలే లేవు. జర్మనీలో బవేరియా రకం గోధుమ బీర్‌లో లవంగం వాసన, పండిన అరటిపండు వాసన రెండూ ఈస్ట్ (బీర్‌ను పులియబెట్టే సూక్ష్మజీవి) నుంచే పుడతాయి. బవేరియాలో 1516 నాటి చట్టం బీర్‌లో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప వేరే ఏదీ వేయొద్దంది. అక్కడి సంప్రదాయంలో మసాలాకు చోటు లేదు. బెల్జియం గోధుమ బీర్ వేరు, దాంట్లో ధనియాలు, నారింజ తొక్క వేయడమే పద్ధతి. ఆ రకం దాదాపు కనుమరుగైతే హూగార్డెన్ అనే ఊళ్లో పియరె సెలిస్ 1960ల్లో మళ్లీ నిలబెట్టారు. కాబట్టి లవంగం వాసన వస్తే పక్కన పెట్టుకున్న సాదా గోధుమ బీర్ వాసన చూడండి. అందులోనూ ఉంటే ఈస్ట్ పని. మసాలా బీర్‌లోనే ఉంటే దినుసు పని.

నిజమైన లోపాలు ఇవీ. ఉడికించిన మక్క కంకుల వాసన వస్తే మరిగించడంలోనో, చల్లార్చడంలోనో తేడా జరిగి ఉండొచ్చు. వెన్న, బటర్ పాప్‌కార్న్ లాంటి వాసన, నాలుక మీద జిడ్డు ఉంటే చాలాసార్లు బీర్ పూర్తిగా పక్వం కాకముందే పోశారన్నమాట. తడిసిన అట్టపెట్టె వాసన అంటే గాలి తగిలి పాతబడింది. ఆసుపత్రి వాసన, బ్యాండ్ ఎయిడ్ వాసన వస్తే కడగడంలోనో, నీళ్లలోనో, ఈస్ట్‌లోనో తేడా ఉంది. పుల్లటి బీర్ అని వాళ్లు చెప్పకుండానే పులుపు, వెనిగర్ ఘాటు తగిలితే పైపులైన్ మురికిగా ఉండొచ్చు, లేదా బీరే పాడై ఉండొచ్చు.

అసలు చూడాల్సింది ఇంకొకటుంది. మసాలా కింద ఈ వాసనల్లో ఏదైనా దాగుందా? చేప తాజాగా లేనప్పుడు మసాలా దట్టించినట్టు, బీర్ సరిగ్గా రాకపోతే దాల్చినచెక్క కుమ్మరించేవాళ్లు ఉన్నారు. నాకు కోపం తెప్పించేది ఇదే. పది పన్నెండు నిమిషాల తర్వాతి మూడో వాసనలో ఇది తరచూ బయటపడుతుంది. గ్లాసు వేడెక్కేకొద్దీ మంచి బీర్‌లో మాల్ట్ (బీర్‌కు వాడే, మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం), మసాలా కలిసిపోతాయి. దాచిన బీర్‌లో విడిపోతాయి.

8. సరిగ్గా చూశారా, పరీక్ష పెట్టుకోండి

ఇప్పుడు మెనూ కార్డు చదవండి. వీలైతే బీర్ తయారుచేసేవాళ్లతోనే మాట్లాడండి. ఏ దినుసులు, దంచి వేశారా పొడి వేశారా, మరిగేటప్పుడా తర్వాత ట్యాంకులోనా, ఈ బీర్ ట్యాప్ మీదికి ఎప్పుడొచ్చింది అని అడగండి. రద్దీ లేని వేళ వెళ్తే సంతోషంగా చెప్తారు. మీరు రాసుకున్నదాంతో పోల్చుకోండి. మొదటిసారి నాలుగు దినుసుల్లో రెండు పట్టుకున్నా మంచి ఫలితమే.

ఇంకా గట్టి పరీక్ష కావాలంటే మూడు గ్లాసుల పద్ధతి ఉంది. మీతో వచ్చినవాళ్లు మీరు చూడకుండా రెండిట్లో ఒకే బీర్, మూడోదాంట్లో వేరే బీర్ కొద్దికొద్దిగా పోయాలి. ఏది వేరేదో మీరు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి ఒప్పవుతుంది, కాబట్టి ఒక్కసారి గెలిచి ఆగొద్దు. గ్లాసులు మార్చి మూడు సార్లు చేయండి. వాసన మాత్రమే చూసి చేస్తే తాగేదీ తగ్గుతుంది. రంగు తేడాగా ఉంటే కళ్లు మూసుకోండి.

9. తిండి, అన్నీ అయ్యాక

ధనియాలు, నారింజ బీర్‌కు మన సర్వపిండి చాలా బాగా కుదురుతుంది. నువ్వులు, పల్లీలు మాడీమాడని వాసనకు ఆ పుల్లటి తేలికదనం తోడవుతుంది. పబ్‌లో దొరకదు, దొరికితే మాత్రం వదలొద్దు. ఉడకబెట్టిన గుడాలు, వేయించిన చేప కూడా బాగుంటాయి. దాల్చినచెక్క, జాజికాయ వేసిన నల్లటి బీర్‌కు కారం కూరల కన్నా కాల్చిన మాంసం మేలు. మిర్చి బీర్ పక్కన మళ్లీ కారం పెట్టుకోకండి.

10. బాగాలేకపోతే ఎలా చెప్పాలి

"బాగాలేదు, వాపస్ తీసుకోండి" అంటే వాళ్లకు ఏమీ అర్థం కాదు, మాటామాటా పెరుగుతుంది. "ఉడికిన మక్క వాసన వస్తోంది, సాదా బీర్‌లో లేదు, మీరూ ఒకసారి చూడండి" అనండి. ఇలా చెప్పిన ప్రతిసారీ నాకు గ్లాసు మార్చి ఇచ్చారు. ఒకచోట నేనక్కడ ఉండగానే ఆ ట్యాప్ ఆపేశారు. ఘాటు మీకు నచ్చకపోవడం మాత్రం లోపం కాదు, దానికి వాపస్ అడగొద్దు. ఫిర్యాదు చేయాలనుకున్నప్పుడు గ్లాసులో మూడో వంతైనా మిగల్చండి, వాళ్లు రుచి చూడటానికి ఏదైనా ఉండాలి కదా.